పసుపు పట్టు ఎవరి నడుముకి

జైతున్ మగ్గం మీద పసుపు పట్టు కనిపించిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

పసుపంటే ఏదో ఒక పసుపు కాదు. మా లంగకిత్ రాజ్యంలో ఆ నిండు పసుపు మీద బంగారు జరీ పువ్వు పడిందంటే అది పట్టం కట్టుకున్నవాళ్లకే. సుల్తాన్ కట్టుకోవచ్చు, ఆయన పక్కన పెర్మైసూరిగా పట్టం కట్టుకున్న రాణి కట్టుకోవచ్చు, ఇంకెవరూ ముట్టుకోకూడదు. సుల్తాన్‌కి ఈ ఏటి బట్టలు ఎప్పుడో అందాయని భవనం వంటింట్లో విన్నాను. మరి ఇది పెర్మైసూరికే అయ్యుండాలి. తమాషా ఏమిటంటే మా రాజ్యానికి పెర్మైసూరి లేదు. సుల్తాన్‌కి భార్య మాత్రం ఉంది, ఆమె నా సొంత చెల్లెలు రొహాయు. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా దాన్ని అందరూ పిలిచేది 'చె పువాన్' అనే. రాజుగారిని పెళ్లాడిన మామూలింటి పిల్లకి ఇచ్చే పిలుపు అది. పట్టం లేదు, పసుపు లేదు, అది నడుస్తుంటే మోగే నొబాత్ మేళం లేదు.

నా పేరు సల్బియా. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి చెల్లెలికీ, బజారులో సగంమందికీ కాక్ లాంగ్‌ని, అంటే పెద్దక్కని. నది ఒడ్డున బల్ల వేసుకుని చేప ముద్దతో చేసే కెరొపొక్ అప్పడాలు వేయించి అమ్ముతాను. సుల్తాన్ వదినవై ఉండి ఇంకా చేపలు పిసకడమేంటని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. పిసుకుతాను. నా చేతుల వాసన నాకు నచ్చుతుంది. పైగా బజారులో కూర్చుంటే భవనంలో ఏం జరుగుతోందో భవనంలో ఉన్నవాళ్లకన్నా ముందు తెలుస్తుంది.

ఆ రోజు నేను జైతున్ ఇంటికి వెళ్లింది అరువిచ్చిన గిన్నె తెచ్చుకోవడానికి. చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లడం నాకు అలవాటు.

"ఏంటే ఇది?" అన్నాను.

జైతున్ ఉలిక్కిపడి మగ్గం మీద పాత దుప్పటి కప్పింది. "ఏం లేదు కాక్ లాంగ్. మిగిలిపోయిన పని."

"మిగిలిపోయిన పనికి రాజుగారి పసుపు వాడతావా? ఎవరైనా చూస్తే ఏం చెప్తావ్?"

"చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

నోరు మూసుకుంది. మగ్గం ఆగినా జైతున్ నోరు ఆగదు. అది నోరు మూసుకుందంటే చెప్పొద్దన్నది పెద్ద మనిషే. "తెంగ్కు హజారానా?" అన్నాను. దాని చూపు గోడ గడియారం మీదికి పోయింది. నాకు అది చాలు.

తెంగ్కు హజారా సుల్తాన్‌కి అక్క, 'తెంగ్కు' అంటే పుట్టుకతోనే రాజరక్తం. భవనంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరి వెనక నడవాలో చెప్పేది ఆవిడే. నా చెల్లెలు పెళ్లయి ఆ గడప తొక్కిన రోజున "ఈ పిల్ల చెప్పులు వెనక గుమ్మం దగ్గర విప్పాలి" అన్న మనిషి. అంతకంటే ఆవిడ గురించి చెప్పాల్సింది ఏమీ లేదు.

నేను దుప్పటి తీసేశాను. అప్పటికే మగ్గం దిగిన ముక్క ఒకటి మడత పెట్టి ఉంది, రెండోది నేతలో ఉంది. మడత విప్పి నా నడుముకి చుట్టుకున్నాను. సగానికి వచ్చి ఆగిపోయింది. నా చెల్లెలు నాకన్నా లావు.

"ఇది ఎవరి కొలతే?" అన్నాను. "ఇంత సన్నగా ఎవరుంటారు?"

"నాకిచ్చిన కొలత ఇదే. రెండు ముక్కలు. ఇంకేం అడక్కు కాక్ లాంగ్, నీ కాళ్లు పట్టుకుంటా. నేనేం చూళ్ళేదు, నాకేం తెలీదు."

గిన్నె అక్కడే మర్చిపోయి బయటికి వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. సుల్తాన్ పుట్టినరోజు దగ్గర పడింది. బిరుదులు ఇచ్చేది ఆ రోజే. ఈసారి సుల్తాన్ కూతురు మస్తురా పెళ్లి కూడా ఆ వెంటనే ఉంది కాబట్టి, పెళ్లికి ముందు రొహాయుకి పట్టం కడతారని ఊరంతా అనుకుంటోంది. నేనూ అనుకున్నాను. రెండు నెలలుగా ఆ ఆశతోనే నిద్రపోతున్నాను.

మస్తురా సంగతి చెప్పాలి. సుల్తాన్ మొదటి భార్య తెంగ్కు కమరియా మస్తురాని కని పురిట్లోనే పోయింది. ఆయన అప్పటికి సుల్తాన్ కూడా కాలేదు, యువరాజే. పసిపిల్లని చూసుకోవడానికి ఆసుపత్రి నుంచి పంపిన నర్సు నా చెల్లెలు. పాలు పట్టింది, ముడ్డి కడిగింది, జ్వరం వస్తే భుజాన వేసుకుని తెల్లారేదాకా తిరిగింది. ఆ తర్వాతే యువరాజుగారి కంట పడింది, పెళ్లయింది. దానికి సొంత పిల్లలు పుట్టలేదు, ఆ లోటు దానికి ఎప్పుడూ తెలియలేదు. మస్తురా దాన్ని 'మక్' అని పిలుస్తుంది. అమ్మనే అంటుంది.

పెళ్లిలో వధూవరులు వేదిక మీద రాణీ రాజుల్లా కూర్చుంటారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాళ్ల అరచేతుల్లో పసుపు బియ్యం చల్లి, సువాసన ఆకుల కట్టతో పిండి నీళ్లు చిలకరిస్తారు. పిల్లకి మొదట చిలకరించాల్సింది తల్లి. మా ఇళ్లలో అయితే ఎవరూ అడగరు, తల్లి వెళ్తుంది, చేస్తుంది. రాజుగారింట్లో అలా కాదు. పట్టం ఉన్నవాళ్లు ముందు, లేనివాళ్లు ఎక్కడో వెనక. రొహాయుకి పట్టం రాకపోతే అది పెంచిన పిల్లకి ఊరందరి తర్వాత వెళ్లి చిలకరించాలి. రెండు నెలలుగా దాని ప్రాణం ఆ ఒక్కదాని మీదే ఉంది. నోరు విప్పి చెప్పదు గానీ, ఆకుల కట్ట ఎలా పట్టుకోవాలో అద్దం ముందు నిలబడి చేసుకుంటుంటే నేను చూశాను.

అలాంటిది ఇప్పుడు ఈ సన్న కొలత. కూపీ లాగడం మొదలుపెట్టాను. భవనంలో కారు తోలేవాడు నా దగ్గరే కెరొపొక్ తింటాడు. దక్షిణాది రాజకుటుంబం నుంచి ఎవరో పిల్ల వచ్చి తెంగ్కు హజారా దగ్గర రెండుసార్లు టీ తాగి వెళ్లిందన్నాడు. "ఎలా ఉంటుంది?" అన్నాను. "రెల్లు పుల్లలా ఉంటుంది," అన్నాడు. రాజరక్తమేనా అంటే రెండువైపులా రాజరక్తమేనన్నాడు. అంతా సరిపోయింది. సుల్తాన్‌కి మళ్లీ పెళ్లి చేసి, ఆ పుల్లని పెర్మైసూరిని చేసి, నా చెల్లెల్ని మూల కూర్చోబెట్టడానికి అక్కగారు పథకం వేసింది.

మధ్యాహ్నం బేరం మూసేసి భవనం వెనక వాకిట్లో దిగాను. రొహాయు పెళ్లి సరుకు లెక్క చూసుకుంటూ వంటింటి అరుగు మీద కూర్చుని ఉంది. జరిగింది మొత్తం చెప్పాను. పసుపు, కొలత, టీ, పుల్ల.

అది తల ఎత్తలేదు. "ఊరుకో కాక్ లాంగ్," అంది.

"ఊరుకోవాలా? నీ నెత్తిన సవతిని తెచ్చి పెడుతుంటే ఊరుకోవాలా?"

"సవతీ లేదు ఎవరూ లేరు. ఆ అమ్మాయి పెళ్లికొడుక్కి చెల్లెలు వరస. పెళ్లి పనుల కోసం వచ్చింది."

"మరి ఆ పట్టు ఎవరికి?"

"నాకెలా తెలుస్తుంది?"

"నీకు సరిపోదు. నీలో సగం కూడా పట్టదు అందులో."

"తిండి తగ్గిస్తాలే," అని నవ్వింది.

ఆ నవ్వు చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంకొకతె అయితే గోల పెట్టేది, కనీసం మొహం మాడ్చుకునేది. ఇది పట్టు సంగతి విన్నా కంగారు పడలేదు. పైగా దాని చేతిలోని చింతపండు ముద్ద మీదే చూపు. చిన్నప్పుడు నా గాజులు పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే కిందికి చూసేది. ఇదేదో దాస్తోందని అప్పుడే అనిపించింది. కానీ నా అనుమానం అంతా ఆ అక్కగారి మీదే ఉండటంతో దీన్ని భయపెట్టి ఉంటారనుకున్నాను.

ఆ వారం బజారులో నా బల్ల దగ్గర కెరొపొక్ కన్నా అనుమానాలే ఎక్కువ అమ్ముడుపోయాయి. సుల్తాన్ రెండో పెళ్లి అని ఒకరు, కాదు విడాకులని ఒకరు. నేను నోరు విప్పలేదు. అంటే, పెద్దగా విప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే తెంగ్కు హజారా కారు మసీదు వెనక్కి వెళ్తుంటే చూశాను. రాజుల సమాధులు ఉండేది అక్కడే. శుక్రవారం సమాధుల దగ్గర ప్రార్థన చేసుకోవడం అందరూ చేసేదే, అందులో వింత లేదు. కానీ కారులో ముందు సీట్లో జైతున్ కూర్చుని ఉంది, ఒళ్లో మూటతో. బల్ల పక్కవాళ్లకి అప్పజెప్పి నడుచుకుంటూ వెళ్లాను.

దేవగన్నేరు చెట్ల కింద, తెల్లగా సున్నం వేసిన గోడ లోపల, తెంగ్కు కమరియా సమాధి దగ్గర ముగ్గురు ఉన్నారు. కాపలా ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని తల దగ్గరి రాయికి ఉన్న తెల్ల గుడ్డ విప్పుతున్నాడు. జైతున్ మూట విప్పి పసుపు పట్టు అందించింది. ఆయన దాన్ని రాయి చుట్టూ చుట్టాడు. అతికినట్టు సరిపోయింది. రెండో ముక్క కాళ్ల దగ్గరి రాయికి.

"ఇంకాస్త బిగించు," అంటోంది తెంగ్కు హజారా గొడుగు కింద నిలబడి. "గాలికి జారితే పట్టం జారినట్టుంటుంది."

అప్పుడు అర్థమైంది నాకు. మా రాజ్యంలో మామూలు రాజకుటుంబం వాళ్ల సమాధి రాళ్లకి తెల్ల గుడ్డ చుడతారు. పసుపు చుట్టేది పట్టం ఉన్నవాళ్లకే. పోయి ఇరవై ఏళ్లు దాటిన మనిషికి ఇప్పుడు పట్టం కట్టబోతున్నారు. ఒక సుల్తాన్ ఏలుబడిలో ఒక్కతే పెర్మైసూరి. ఆ ఒక్క చోటూ మట్టిలో ఉన్న మనిషికి ఇచ్చేస్తే నా చెల్లెలు చచ్చేదాకా చె పువానే.

"ఏంటిది?" అని అరిచాను. జైతున్ సమాధి వెనక్కి జరిగింది.

తెంగ్కు హజారా మెల్లగా తిరిగి నన్ను పై నుంచి కిందిదాకా చూసింది. "ముందు 'పాతిక్' అనడం నేర్చుకో సల్బియా. అరవడం తర్వాత."

రాజకుటుంబం ముందు 'నేను' అనకూడదు. పాతిక్ అనాలి, మీ దాసిని అని. "పాతిక్‌కి ఒళ్లు మండుతోంది," అన్నాను. "మీకింత కక్షేంటి దాని మీద? బతికున్నదాన్ని ఎలాగూ తొక్కారు. ఇప్పుడు పోయినావిణ్ని లేపుకొచ్చి దాని నెత్తిన కూర్చోబెడతారా?"

"నేనా?" అంది.

"ఇంకెవరు?"

ఆవిడ ముసలాయన్నీ జైతున్‌నీ చేయి ఊపి పంపేసింది. గొడుగు మూసింది. ఎండలో చూస్తే ఆవిడ కూడా బాగా ముసలిదైపోయింది, ఆ సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు. "చనిపోయిన మనిషికి మేళమెందుకు, గొడుగెందుకు అని నా తమ్ముడితో వారం రోజులు పోట్లాడాను," అంది. "బతికున్నదానికి ఇవ్వు, ఇరవై ఏళ్లుగా ఇంట్లో పడి చాకిరీ చేసింది, ఇచ్చెయ్ అన్నాను. వినలేదు."

"అబద్ధం."

"నీతో అబద్ధం ఆడాల్సిన ఖర్మ నాకేంటి? నువ్వెవరు నాకు?"

నిజమే. ఆ మాట నమ్మాను. నాతో అబద్ధమాడే శ్రమ కూడా ఆవిడ ఏనాడూ తీసుకోలేదు.

"మరి ఎవరు చేశారిది?"

"బతికున్న భార్య ఉండగా పోయిన భార్యకి పట్టం కట్టడానికి లేదు. మా తాతల నాటి కట్టుబాటు అది. దానికి ఒక్కటే దారి. ఆ బతికున్నదే వచ్చి, నలుగురి ముందు సుల్తాన్ కాళ్ల దగ్గర కూర్చుని, నాకొద్దు, ఆవిడకివ్వండి అని నోరు తెరిచి అడగాలి." గొడుగు మళ్లీ తెరుచుకుంది. "అడిగింది. నేను పక్కనే ఉన్నా. అడగొద్దని చేయి గిల్లాను కూడా. వెళ్లి నీ చెల్లెల్ని అడుగు, ఇక్కడ సమాధుల దగ్గర గొడవ చేయకు."

ఎలా నడిచానో తెలియదు. భవనం వంటింట్లో రొహాయు పెద్ద బాణలి ముందు నిలబడి మాంసం పొడీ కొబ్బరీ వేయిస్తోంది, పెళ్లికి. పనివాళ్లని బయటికి పొమ్మన్నాను. వాళ్లు దాని మొహం చూశారు. అది తల ఊపింది, వెళ్లారు.

"నిన్ను ఎవరు బెదిరించారు?" అన్నాను.

"ఎవరూ బెదిరించలేదు."

"మరి పిచ్చి పట్టిందా? రెండు నెలల నుంచి ఆకుల కట్ట పట్టుకుని అద్దం ముందు నిలబడ్డది ఎవరు? నేనా?"

అది మంట తగ్గించింది. గరిటె మాత్రం వదల్లేదు. "పెళ్లికొడుకు వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదు కాక్ లాంగ్. పిల్ల గహారా కాదంట, నిండు రాజపుట్టుక కాదంట. తండ్రికీ పట్టం ఉండాలి, కన్నతల్లికీ పట్టం ఉండాలి. కమరియా పోయేనాటికి ఈయన యువరాజే కదా, ఆవిడకి పట్టం లేదు. అందుకని పిల్ల తక్కువదంట. ఆ ఇంట్లో అడుగుపెట్టాక కూడా వెనక వరసేనంట, దాని పిల్లలకీ అంతేనంట. నాకు పట్టం కడితే దీనికేం ఒరగదు, నేను కన్లేదు కదా. ఆవిడకి కడితే పిల్ల ఆ రోజు నుంచే గహారా."

"ఆ ముసలిదాన్ని పొమ్మనకపోయావా? సంబంధాలు కరువా?"

"మస్తురాకి ఆ అబ్బాయంటే ప్రాణం. చదువుకునే రోజుల్నించీ. నీకూ తెలుసు."

తెలుసు. అయినా నా కోపం చల్లారలేదు. "పిల్ల గహారా అయితే నువ్వేం చెయ్యాలో తెలుసా?" అన్నాను. భవనంలో నలుగురి ముందు రొహాయు మస్తురాకి చేతులు జోడించి నుదుటికి ఆనించి సెంబా చేస్తుంది, ఎప్పటినుంచో అంతే. పిల్ల రాజరక్తం, ఇది కాదు. ఇంతకాలం ఒక్క సెంబాతో సరిపోయేది.

"తెలుసు. మూడు చెయ్యాలి."

"మినిస్టర్ల పెళ్లాలందరి తర్వాత వెళ్లి, నీళ్లు చిలకరించడానికి ముందు, ఊరంతా చూస్తుండగా, నువ్వు ముడ్డి కడిగిన పిల్లకి మూడుసార్లు వంగి..."

"మక్."

గుమ్మంలో మస్తురా నిలబడి ఉంది. చేతులకి గోరింటాకు, ఎండకుండా రెండు చేతులూ గాల్లో పట్టుకుని. ఎంతసేపటి నుంచి ఉందో. కళ్లు ఎర్రబడిపోయాయి.

"నేనడిగానా నిన్ను?" అంది. "నా పేరు చెప్పి నువ్వు వెళ్లి మోకరిల్లమని నేనడిగానా?"

రొహాయు గరిటె పక్కన పెట్టింది. "వెళ్లి కూర్చో. గోరింటాకు చెరిగిపోతుంది."

"చెరగనీ. గోడ మీద ఫొటోలో ఉన్నావిడెవరో నాకు తెలీదు. నాకు తెలిసిన అమ్మవి నువ్వొక్కదానివే. ఆవిడ కుర్చీ ముందు పెట్టి నిన్ను వెనక నిలబెడతారా?"

"ఆవిడ నిన్ను కంటూ పోయింది. నోటికొచ్చినట్టు మాట్లాడకు," అంది రొహాయు. అంత గట్టిగా ఆ పిల్లతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"సరే, అనను. కానీ ఆ రోజు నువ్వొచ్చి నా ముందు వంగితే నేను ఊరుకోను. వేదిక దిగొచ్చి నీ కాళ్ల మీద పడతా. అందరూ చూడనీ. టీవీలో కూడా చూడనీ."

పడు తల్లీ, పడు, అనుకున్నాను మనసులో. ఆ పిల్లకీ నాకూ నెత్తురు సంబంధం లేదు, నా మొండితనం మాత్రం దానికి వచ్చింది.

రొహాయు దాని దగ్గరికి వెళ్లింది. చేతులు పట్టుకోబోయి, గోరింటాకు చూసి, మోచేతులు పట్టుకుంది. "విను. వేదిక మీద కూర్చున్న పెళ్లికూతురు కదలకూడదు, తల ఎత్తకూడదు. నీ ఏడో ఏట నుంచి నేర్పాను నీకు, అరగంట రాయిలా కూర్చోవడం. ఎందుకు నేర్పానో తెలుసా? మామూలింటిది పెంచింది, దీనికేం తెలుసు పెంపకం అన్న మాట నీ మీద పడకూడదని. ఆ ముసలావిడ ఆ రోజు నిన్ను చూడ్డానికి రావట్లేదు, నన్ను చూడ్డానికొస్తోంది. నీ వేలు కదిలినా నాది తప్పని తేలుతుంది. నాకు పట్టం లేదు, ఏదీ లేదు. నిన్ను పెంచానన్న ఒక్క పేరు ఉంది. దాన్ని పాడు చెయ్యకు."

మస్తురా మోచేతులు విడిపించుకుని వెళ్లిపోయింది. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ రోజు నుంచి నా అనుమానమంతా ఆ పిల్ల మీదికి మళ్లింది.

పుట్టినరోజు నాడు తెంగ్కు కమరియాని పెర్మైసూరిగా ప్రకటించారు. ఖాళీ కుర్చీ మీద పసుపు గుడ్డ పరిచి, దాని ముందు నొబాత్ డోళ్లు మోగించారు. జనం తల వంచుకున్నారు. రొహాయు రెండో వరసలో నిలబడి అందరితో పాటు ఆ కుర్చీకి సెంబా చేసింది. నాకు కుర్చీని తన్నాలనిపించింది. మస్తురా మొహం గోడలా ఉంది, దాని మీద ఏం రాసి ఉందో నాకు చదవడం రాలేదు.

పెళ్లి రోజు నన్ను వేదిక వెనక నిలబెట్టారు, పెళ్లికూతురికి విసనకర్ర విసరడానికి. అది తెంగ్కు హజారా ఏర్పాటు. ఎందుకు చేసిందో ఇప్పటికీ తెలియదు, అడిగితే చెప్పే మనిషి కాదు. అక్కడి నుంచి పిల్ల మెడ వెనక భాగం, మోకాళ్ల మీది దిండూ, దాని మీద వెల్లకిలా పెట్టిన రెండు ఎర్రటి అరచేతులూ నాకు బాగా కనిపిస్తున్నాయి. పెళ్లికొడుకు నాయనమ్మ ఎదురుగా మొదటి కుర్చీలో కూర్చుంది. మొహం కన్నా కళ్లద్దాలే పెద్దవి. ఆవిడ చూపు పిల్ల మీద నుంచి కదల్లేదు.

పిలుపులు మొదలయ్యాయి. స్వర్గీయ పెర్మైసూరి తరఫున అని పిలిచారు, తెంగ్కు హజారా వెళ్లి చిలకరించింది. తర్వాత ఆ నాయనమ్మ. తర్వాత పక్క రాజ్యాల వాళ్లు, అత్తలు, పిన్నులు. తర్వాత మినిస్టర్ల భార్యలు, ఒకరి వెనక ఒకరు. వాళ్లలో ఒకావిడ గాజుల్లో సెల్‌ఫోన్ ఇరికించుకుని వచ్చింది. ప్రతి మనిషికీ పిల్ల అలాగే కూర్చుని ఉంది. నేను విసనకర్ర ఊపుతూ దాని భుజాలే చూస్తున్నాను. అరచేతుల నిండా పసుపు బియ్యం పేరుకున్నాయి.

"చె పువాన్ రొహాయు," అని పిలిచారు.

హాలులో సద్దు మణిగింది. అందరికీ తెలుసు కదా, ఎవరికి పట్టం రావాల్సింది, ఎవరికి వచ్చింది. నా చెల్లెలు పక్క గుమ్మం నుంచి వచ్చింది. ఊదా రంగు బట్టలు, మామూలు జరీ. నడక మెల్లగా ఉంది, దానికి మోకాళ్ల నొప్పి. వేదిక కింద ఆగింది. కింద కూర్చుంది. చేతులు జోడించి నుదుటికి ఆనించింది. ఒకటి.

పిల్ల మెడ మీద నరం బిగుసుకుంది. లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను. నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

రెండు. ఎక్కడో ఒక ఆడమనిషి ముక్కు చీదింది. మూడోసారి వంగి లేవడానికి రొహాయుకి కష్టమైంది, ఒక చేయి నేలకి ఆనించి లేచింది. ఎవరూ సాయం పట్టలేదు, పట్టకూడదు. లే మస్తురా, అని నేను నోట్లో గొణిగాను. పిల్లకి వినపడే ఉంటుంది.

రొహాయు మెట్టెక్కి గిన్నెలోంచి పసుపు బియ్యం తీసి చల్లింది. ఆకుల కట్ట ముంచింది. అద్దం ముందు అంతలా చేసుకున్న చేయి గురి తప్పింది. నీళ్లు అరచేతుల్లో పడకుండా మణికట్టు మీదుగా కారి బంగారు గాజుల కింద రవిక చేతుల్లోకి పోయాయి. చల్లటి నీళ్లు. ఎవరైనా చేయి లాక్కుంటారు. ఆ పిల్ల వేలు కూడా కదపలేదు. కనురెప్ప ఎత్తలేదు. నేర్పినదాని కన్నా బాగా కూర్చుంది. నా చెల్లెలు వీపు చూపించకుండా వెనక్కి అడుగులేసుకుంటూ దిగి, వచ్చిన గుమ్మంలోంచే వెళ్లిపోయింది. నాయనమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తర్వాతి పిలుపు వినిపించింది.

భోజనాలప్పుడు వెనక వంటింట్లో దొరికింది రొహాయు. చెప్పులు విప్పేసి, అరుగు మీద కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఉంది. అన్నం మాత్రం ముట్టలేదు. పక్కన కూర్చున్నాను.

"చూశావా?" అంది. "నీళ్లు కారినా కదల్లేదు."

"చూశా."

"ఆ ముసలావిడ ఏమైనా అందా?"

"ఏమంటుంది? నోరు పెగల్లేదు దానికి. అంత బాగా కూర్చున్న పెళ్లికూతుర్ని ఈ దేశంలో ఎవరూ చూసి ఉండరు."

అది తల ఊపింది. సంతోషించింది. ఇరవై ఏళ్ల కష్టం ఒడ్డున పడ్డ మనిషి ఎలా సంతోషిస్తుందో అలాగే. నాకు నచ్చలేదు ఆ సంతోషం, ఎందుకో అనుమానంగానే చూశాను దాని వైపు. కాసేపు పళ్లెంలోని అన్నాన్ని వేళ్లతో ఇటూ అటూ జరిపింది.

"కాక్ లాంగ్," అంది మెల్లగా. "ఎవరితోనూ అనకు. దానితో అసలు అనకు. మూడోసారి వంగినప్పుడు, ఒక్కసారి... అది కదిలితే బాగుండు అనిపించింది."

దాని పళ్లెం తీసుకుని, చల్లారిన అన్నం పారేసి, వేడిగా ఇంకో గరిటెడు వడ్డించి, తినమని దాని చేతికిచ్చాను.